ఎగువకు పారిన కాలువ

ఆరేళ్లుగా ప్రతి ఆదివారమూ మధ్యాహ్నం మూడింటికి రిటైర్డ్ సర్వేయరుగారి భోజనాల బల్ల మీద ఒక రాజ్యం పరుచుకునేది. ఆయన కథ చెప్పేవారు. మిగతా ముగ్గురూ ఆ కథలో తలా ఒక వేషం కట్టి, ఏం చేస్తామో నోటితో చెప్పి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకునేవారు. ప్లంబరు పనిచేసే బావమరిది కత్తివీరుడు, నర్సు ఉద్యోగం చేసే కూతురు మంత్రగత్తె, పక్కవాటాలో ఉండే బస్సు డ్రైవరు విలుకాడు. నాలుగు డ్రాయింగు కాగితాలు అతికించి, నల్ల సిరాతో ఆయన గీసిన రాజ్యపు పటంలో ప్రతి గుట్టకూ మీటర్లలో ఎత్తు వేసి ఉండేది. కల్పిత రాజ్యమైనంత మాత్రాన కొలతలు తప్పనక్కర లేదని ఆయన సిద్ధాంతం.

నెల క్రితం ముగ్గురూ కూడబలుక్కుని వచ్చారు.

"రాజులు చాలండి గురువుగారూ," అన్నాడు డ్రైవరు. "యువరాణుల్ని విడిపించీ విడిపించీ విసుగెత్తింది. లోకం నాశనమైపోయాక మిగిలినవాళ్ల కథ ఆడదాం."

"నాశనమైన లోకంలో చెత్త తప్ప ఏముంటుందయ్యా?"

"ఆ చెత్తే ఏరుకుంటాం బావా," అన్నాడు బావమరిది. "ఒక్కసారి నీ దగ్గర ఆడి చూస్తాం. బాగుంటే సరే. లేదంటే బస్సు డిపోలో స్టోర్ కీపరు ఆట నడుపుతానంటున్నాడు, అక్కడికి పోతాం."

కూతురు ఆ మాట అనలేదు గాని, కాదనీ అనలేదు. ఆయనకు ఒళ్లు మండింది అక్కడే. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయన పాతించిన హద్దురాయిని కదిపిన మొనగాడు లేడు. రిటైరయ్యాక తన మాట చివరి మాటగా చెల్లుతున్న చోటు ఈ బల్ల ఒక్కటే. దాన్ని ఎవరో స్టోర్ కీపరుకు అప్పగించడమా? సరే అన్నారు.

అన్నారు గాని మనసొప్పలేదు. మూడు వారాలు కలం ముట్టలేదు. చివరికి శనివారం సాయంత్రం పాత పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచి, పెన్సిలుతో గీత గీతా దింపేశారు. రాజప్రాసాదం ఆసుపత్రి అయింది. మాంత్రికుడి గుహ గిడ్డంగి అయింది. నది కాలువ అయింది. బందిపోటు నాయకుడి ప్రసంగం మాత్రం నాలుగు పేజీలు శ్రద్ధగా రాశారు. చెత్త ఏరుకునేవాళ్లకు ఇదే ఎక్కువ అనుకున్నారు.

ఆట మొదలైన అరగంటకే కష్టం ఎక్కడుందో తెలిసివచ్చింది. రెక్కల సర్పం ఆరు బారల నిప్పు కక్కిందంటే ఆరేళ్లలో ఒక్కరూ నోరెత్తలేదు. రెక్కల సర్పాన్ని చూసిందెవరు గనుక?

"గిడ్డంగి అలమరలో ఇన్సులిన్ సీసాలు దొరికాయి," అన్నారాయన గంభీరంగా.

"లోకం పోయి ఎన్నేళ్లయింది నాన్నా?" అంది కూతురు.

"నలభై."

"ఫ్రిజ్ లేకుండా నలభై ఏళ్లా? అది ఎవరికి పొడవను? గుడ్డపీలికలేమైనా ఉన్నాయేమో చూడు, కట్లకు పనికొస్తాయి."

"ఉన్నాయి," అన్నారు పళ్లు బిగించి. "బయట ఒక బస్సు నిలబడి ఉంది. తాళంచెవి దానికే వేలాడుతోంది."

బస్సు చాటునే బందిపోట్లు పొంచి ఉన్నారు. నాలుగు పేజీల కాగితం ఆయన మోచేతి కింద సిద్ధంగా ఉంది.

"టైర్లు?" అన్నాడు డ్రైవరు.

"ఉన్నాయయ్యా, ఆరూ ఉన్నాయి!"

"నలభై ఏళ్లు ఎండకెండిన టైరు ముట్టుకుంటే రాలిపోతుంది గురువుగారూ. ఇక బ్యాటరీ సంగతి మాట్లాడనే వద్దు. దాని దగ్గరికి పోవడం దండగ. పదండి, నీళ్లు చూసుకుందాం."

బందిపోట్లు బస్సు చాటునే ఉండిపోయారు. బావమరిది కళ్లద్దాలు పెట్టుకుని పటం మీదికి వంగాడు.

"ఈ కాలువ ఎటు పారుతోంది బావా?"

"బాణం గుర్తు కనబడడం లేదా? ఆసుపత్రి వైపు."

"ఇక్కడ నువ్వేసిన అంకె నూట పది. ఆసుపత్రి గుట్ట మీద నూట అరవై. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. ఈ నీరేంటి, మెట్లెక్కి పోతోంది?"

సర్వేయరుగారి చెవులు వేడెక్కాయి. పాత రాజ్యంలో ఒక మంత్రగాడి శాపం వల్ల నది ఎగువకు పారేది. దించేటప్పుడు శాపం పోయింది, బాణం మిగిలింది. రెండు సెంటీమీటర్ల తేడాకు అసిస్టెంట్లు ఎత్తులు రాసుకొచ్చిన లెవెల్ పుస్తకాలు వాళ్ల మొహాన కొట్టిన మనిషి, యాభై మీటర్లు పైకి నీళ్లు పారించారు!

"పంపు ఉంది," అన్నారు.

"కరెంటు ఎక్కడిది?"

"డీజిలు."

"నలభై ఏళ్లనాటి డీజిలు జిగురుముద్ద అయి ఉంటుంది," అన్నాడు డ్రైవరు. "ఇంజను తిరిగితే నా లైసెన్సు చింపేస్తాను."

కూతురు మెల్లగా నిటారుగా కూర్చుంది.

"అంటే, ఎవరో డీజిలు కొత్తగా తయారుచేస్తున్నారు."

"నూనెగింజల నుంచి!" అన్నాడు డ్రైవరు. "అంటే పొలాలున్నాయి!"

"పంపుకు వాషర్లు మారుస్తున్నారంటే పనిమంతులే," అన్నాడు బావమరిది. "గుట్ట మీద ఊరుంది రా నాయనా! ఎవరో బతికే ఉన్నారు!"

మూడు కుర్చీలూ ఒక్కసారిగా ముందుకు జరిగాయి. ఎదురుగా వెళ్లాలా, చాటుగా వెళ్లాలా, తుపాకీ చూపించాలా, దాచాలా అని ముగ్గురూ ఒకరి నోట్లో మాట ఒకరు లాక్కుంటున్నారు. ఇంత ఉత్సాహం ఆ బల్ల దగ్గర రెండేళ్లుగా లేదని ఆయనకు తెలుసు. ఊరకుంటే కథ చెప్పే కుర్చీ తనకే దక్కుతుందనీ తెలుసు. కాని కళ్లెదుట ఆ బాణం గుచ్చుకుంటూనే ఉంది.

"ఆగండి," అన్నారు. "గుట్ట మీద ఎవరూ లేరు. పంపూ లేదు. పాత పటం దింపాను, బాణం తిప్పడం మరిచాను. తప్పు నాది."

రబ్బరు తీసుకున్నారు. బావమరిది ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"కింద పెట్టు బావా."

"వదలరా! కాలువ అటు పారదు!"

"పారుతుంది. మేం విన్నాం."

"ఇప్పుడిప్పుడే కథ పాకాన పడుతోంది, చెప్పకపోతే ఏం పోయేదండీ?" అన్నాడు డ్రైవరు, నిజంగానే కోపంగా. "చేతులెత్తుదాం. కాలువ పైకే పారుతుందనేవాళ్లు?"

మూడు చేతులు లేచాయి. మూడోది కూతురిది.

"ఇది చేతులెత్తి తేల్చే విషయం కాదు! నీళ్లకు ఓట్లుండవు!"

"నువ్వు ఉండాలి నాన్నా, స్టోర్ కీపరు వద్దు," అంది కూతురు. "కానీ పైన ఎవరున్నారో చెప్పాల్సిందే."

ఉండమంటున్నారు, ఆయన చెప్పిన ఒప్పును మాత్రం బుట్టదాఖలు చేసి, తప్పును నెత్తిన పెట్టుకుంటున్నారు. ఈ గొడవకన్నా డిపోకు పోయినా బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ముగ్గురూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

తప్పుడు రిపోర్టు మీద సంతకం పెట్టే ఉద్యోగిలా మొహం పెట్టి, ఆయన పాచికలు దొర్లించారు.

"గుట్ట మీదినుంచి ఇంజను శబ్దం వినిపిస్తోంది," అన్నారు.