విశ్రాంతి గది రిజిస్టరు

"నీలా తుడవడం ఎవరికీ రాదమ్మా, కల్పనా," అన్నారు ఎస్టేట్ ఆఫీసరు కోటేశ్వరరావు గారు. మెచ్చుకున్నాననే ఆయన అనుకున్నారు. ఇంట్లో గచ్చు చూసి అత్తగారు దయామణి కూడా ఇదే మాట అంటుంది. రెండుచోట్లా ఆ మాట తర్వాత గుడ్డ మళ్ళీ కల్పన చేతికే వస్తుంది.

ఇక్కడ తుడవాల్సినవి బోర్డులు. గుడివాడ దాటాక చేల మధ్య వెలిసిన ఆ ప్రైవేటు యూనివర్సిటీలో భవనాలు నాలుగు, కోర్సులు ఇరవై ఆరు. అందుకని ఒక్కో గదికి మూడేసి బోర్డులు. ఏ తనిఖీ బృందం వస్తే ఆ బోర్డు కొక్కేనికి తగిలిస్తారు. ఫార్మసీ వాళ్ళొస్తే మందుల ప్రయోగశాల. వ్యవసాయం వాళ్ళొస్తే అదే గది మట్టి పరీక్షా కేంద్రం. అందరూ వెళ్ళిపోయాక అందులో సెక్యూరిటీవాళ్ళు అన్నాలు తింటారు. ఏ బోర్డు ఏ గదిదో తొమ్మిదేళ్ళుగా గుర్తుపెట్టుకుంటున్నది కల్పన. కాగితం మీద ఆమె ఉద్యోగం టైపు చెయ్యడమే.

"మా ఊరి పగటివేషగాళ్ళే నయమండీ, వేషానికి ఒక రోజన్నా ఆగుతారు. ఈ గదులకి పూటకో వేషం," అంది ఊడ్చే రమణమ్మ, బోర్డు అందిస్తూ. కల్పన నవ్వబోయి ఆగిపోయింది. చేతిలోకి వచ్చిన బోర్డు మీద 'మహిళల విశ్రాంతి గది' అని ఉంది.

సైన్సు బ్లాకులో ఆ గదికి ఎప్పుడూ తాళమే. లోపల పాత జవాబు పత్రాల మూటలు, విరిగిన ఫ్యాన్లు. రెండేళ్ళ కిందట, సెమిస్టరు పరీక్షలప్పుడు, ఏడో నెలలో, పొద్దున పదకొండింటికి నొప్పి వచ్చి కల్పన ఆ తలుపు దాకా నడిచింది. తాళంచెవి కోటేశ్వరరావు గారి దగ్గర ఉంది, ఆయన బందరు వెళ్ళారు. బ్లాకు వెనక మెట్ల మీద కూర్చుంది. రమణమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. గుడివాడ నుంచి ఆటో వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఆడపిల్ల.

"దేవుని చిత్తం అమ్మా, మనం అడగకూడదు," అంది దయామణి. భర్త సుందరరాజు అదే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. "అంత కష్టంగా ఉంటే మానెయ్యాల్సింది," అన్నాడు. అయిదో నెలలో మానేస్తానంటే, "ఇద్దరం ఒకే బస్సులో వెళ్తున్నాం, నీకేం కష్టం?" అన్నదీ అతనే. ఆమె గుర్తుచెయ్యలేదు. అతనికీ బాధే కదా, పైకి చెప్పుకోలేడు అనుకుంది. ఆ తర్వాత ఏటా నవంబరు పన్నెండున అతని ముందు ఏడవకుండా, పప్పు తాలింపు వేసి, క్యారేజీలు కట్టింది. ఆ తేదీని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మోస్తున్నారనే ఆమె నమ్మకం.

ఇవాళ పదకొండింటికి పెద్ద బృందం వస్తోంది. గదిలో మూటలు తీసేసి సున్నం వేశారు. మంచం, అద్దం, మందుల పెట్టె వచ్చాయి. సుందరరాజు ఒక రిజిస్టరు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. కొత్తదే, అంచులు నలిపి పాతదాన్ని చేశాడు.

"మూడేళ్ళది. హాజరుపట్టీ చూసి రోజుకో ఇద్దరి పేర్లు రాశాను. నీ పేరున్నచోటల్లా సంతకం పెట్టు. మిగతావాళ్ళు పెట్టేశారు."

"ఆ గదిలో నేనెప్పుడూ పడుకోలేదండీ."

"ఎవరు పడుకున్నారే? కాగితం కోసం. ప్రతిదానికీ ఒక ప్రశ్న! నా సూపరింటెండెంటు పోస్టు ఈ బృందం మీదే ఉందని తెలుసుగా?"

తెలుసు. వారం రోజులుగా ఇంట్లో అదే ప్రార్థన. ఎవరో పిలిస్తే అతను వెళ్ళాడు. కల్పన సంతకాలు మొదలుపెట్టింది. ఒకటి, రెండు, తొమ్మిది. చెయ్యి అలవాటు పడింది. పేజీ తిప్పితే రెండేళ్ళ కిందటి నవంబరు వచ్చింది.

'నవంబరు 12. కల్పన. 11 నుంచి 1 వరకు. తలనొప్పి. విశ్రాంతి.'

ఆఫీసంతా ముత్యాలని మెచ్చుకునే భర్త రాత. ముందు అనుకుంది, కావాలని రాశాడేమోనని. వేలితో ఆ వరస తడిమింది. కాదు. పైపేరుకీ కిందిపేరుకీ మధ్య ఎక్కడా కలం ఆగిన గుర్తు లేదు. ఆ పొద్దున ఆమె హాజరు వేసింది కాబట్టి పేరు వచ్చింది. తేదీ వచ్చింది, అతను రాశాడు, తర్వాతి తేదీకి వెళ్ళిపోయాడు. కావాలని రాసినా ఇంతకన్నా తేలిగ్గా ఉండేది. రెండేళ్ళుగా ఆమె ఒక్కతే మోసింది. ఇప్పుడు సంతకం పెడితే, ఆ రెండు గంటలూ ఆమె మంచం మీద పడుకున్నట్టే. ఆ మెట్లు లేనట్టే. పిల్లా లేనట్టే.

"కల్పనా! కార్లు వచ్చేశాయి. అయిందా?" వరండాలోంచి అతని గొంతు.

"ఒక్క నిమిషమండీ."

ముందు తాను పెట్టిన తొమ్మిది సంతకాలూ కొట్టేసింది. తర్వాత, తలనొప్పి, విశ్రాంతి అన్న మాటలు కొట్టేసి, వాటి పక్కన రాసింది: 'ఈ రోజు ఈ గదికి తాళం వేసి ఉంది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను వెనక మెట్ల మీద ఉన్నాను. నా కూతురు అక్కడ పోయింది.' కింద పూర్తి పేరు, తేదీ.

సుందరరాజు ఆయాసపడుతూ వచ్చి చెయ్యి చాచాడు. "ఇలా ఇయ్యి."

"మీరొద్దండీ. నేనిస్తాను."

వేలు ఆ పేజీలోనే ఉంచి రిజిస్టరు మూసి, కల్పన బృందం కూర్చునే హాలు వైపు నడిచింది.