సొరుగులో ముద్ర

"రోగికి నువ్వేమవుతావు?"

ఆస్పత్రి కౌంటరు దగ్గర గుమస్తా కాజాల అక్కను అడిగాడు. దుస్తుల ఫ్యాక్టరీలో ఆమె కాజాలు కుట్టేది. అందరూ 'కత్తెర' అని పిలిచే ఆడమనిషి అక్కడే గుడ్డ కోసేది. పదిహేడేళ్లుగా ఇద్దరికీ ఒకే పొయ్యి, ఒకే మంచం. ఇప్పుడు కత్తెరకు పేగు మెలిపడింది. ఆ రోజే ఆపరేషన్ జరగాలి.

"నా మనిషండీ."

"అలాంటి గడి ఇందులో లేదమ్మా. రక్తసంబంధీకులు సంతకం పెట్టాలి. లేదా మీ కార్మిక సంఘం ముద్రతో పూచీ ఉత్తరం తే."

అక్కకు ప్రాణం లేచొచ్చింది. సంఘం కార్యదర్శి పరాయివాడా? వాళ్లింట్లో ఎన్నిసార్లు అన్నం తిని చెయ్యి కడిగాడు! పరుగున వెళ్లింది. అతను సొరుగులోంచి ముద్ర తీశాడు, ఒక క్షణం చూశాడు, మళ్లీ లోపల పెట్టి తాళం వేశాడు.

"మీ సంగతి నాకు తెలుసమ్మా. కానీ కాగితం మీద పెడితే యజమాని సంఘాన్ని నవ్వులపాలు చేస్తాడు. ముందు సమ్మె ఉంది. కత్తెర అన్నను పిలిపించు."

పదిహేడేళ్లుగా మొహం చూడని అన్న వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఆపాటికి కత్తెర మార్చురీలో ఉంది.

ఆదివారం ఉదయం సంఘం హాలు కిక్కిరిసింది. కార్యదర్శి సంతాప తీర్మానం చదివాడు: "మన ప్రియ సభ్యురాలు, నా అన్నవారెవరూ లేని ఒంటరి..."

"ఆగన్నా," అంటూ అక్క లేచింది. "ఆ మాట కొట్టెయ్."

"ఆవేశపడకు. పోరాటం వేరు, సొంత సంసారం వేరు."

"వేరా? కిందటి సమ్మెలో నువ్వు లాకప్పులో ఉంటే జామీను సంతకం పెట్టిందెవరు? అతనికేమవుతావని కోర్టు అడిగితే, 'తోటి పనిదాన్ని' అంది కత్తెర. దాని సంతకం నీకు చెల్లింది. నీ ముద్ర దానికి చెల్లలేదేం?"

యజమాని దెబ్బకు ఎప్పుడూ సిద్ధంగా ఉండే అక్క వీపు, పక్కవాడి దెబ్బకు సిద్ధంగా లేదు.

"చెప్పవయ్యా!" ఇస్త్రీ సెక్షన్ పెద్దమ్మ అరిచింది. "నోట్లో ఏం పెట్టుకున్నావు, ఆ ముద్రేనా?"

"ఇద్దరాడాళ్ల యవ్వారం సభలో ఏంటంట?" ఎవడో గొణిగాడు.

"నీ యవ్వారాలు మేం ఎత్తామా? కూర్చో!" అని పెద్దమ్మే కసిరింది.

అప్పుడు వెనక బెంచీలోంచి మూటలు మోసే అన్న లేచాడు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా అని అందరూ ఆటపట్టించే మనిషి.

"నా మనిషి ఇప్పుడు అదే ఆస్పత్రిలో ఉన్నాడు. తొమ్మిదో మంచం. రేపు ఆపరేషన్. నేను... నేనేమవుతానని రాయాలి?"

నవ్వు కోసం ఎదురు చూశాడు. ఎవరూ నవ్వలేదు.

అక్క కార్యదర్శి ముందు చెయ్యి చాచింది. "తాళంచెవి."

అతను కదల్లేదు. "ముద్ర సభ్యులందరిదీ. ఓటు పెట్టండి," అంది పెద్దమ్మ. చేతులు లేచాయి. కాదన్న చేతులూ లేచాయి; అవి తక్కువ. తాళంచెవి బల్ల మీద పడింది.

సోమవారం పొద్దున్నే కౌంటరు ముందు హాలంతా వచ్చి నిలబడింది. మూటల అన్న కాగితం ముందుకు తోశాడు. 'ఇతను నా మనిషి.' కింద సంఘం ముద్ర, ఇంకా తడి ఆరలేదు.

గుమస్తా కాగితం తిప్పి చూశాడు. "ఇంతమందీ రోగికి ఏమవుతారు?"

"పూచీ," అంది అక్క.

"పైవాళ్లని అడగాలి."

"అడుగు. లోపల వాడికి ఆపరేషన్ అయ్యేదాకా మేం కదలం." అందరూ నేల మీద కూర్చున్నారు.

చదువుతున్న కార్మికుడా, విద్యార్థీ, నీ సంఘం ముద్ర ఎవరి సొరుగులో ఉంది? ఎవరికోసం ఆ సొరుగు తెరుచుకోవడం లేదు? ఈరోజే వెళ్లి తాళంచెవి అడుగు. ఇవ్వనంటే, చేతులెత్తించు.