గ్యాసు కాదు

గుండీలక్క గుండీలు కుడుతున్న చొక్కా మీదే కక్కుకుంది. నల్లగా, బొగ్గుపొడి కలిపిన నీళ్లలా. సూపర్‌వైజరు ముందు చొక్కా వంక చూశాడు, తర్వాత అక్క వంక.

"గ్యాసు. వేళకి తినరు, కారాలు మేస్తారు. లే."

నేను ఆ వరసలోనే కాలర్లు కుడతాను. తాళం తీయించడానికి గేటు దగ్గరికి పరిగెత్తాను.

"షిఫ్టయ్యేదాకా తీయకూడదని ఆర్డరమ్మా," అన్నాడు వాచ్‌మన్, తల ఎత్తకుండా.

అక్క మూడు గంటలు గుడ్డపేలికల మూట మీద పడి ఉంది. ఆ మూడు గంటలూ మేం కుడుతూనే ఉన్నాం. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

మా షెడ్డులో అందరికీ గ్యాసే. ఇస్త్రీ తాతకి గ్యాసు, కటింగ్ మాస్టరుకి గ్యాసు, నాకూ గ్యాసే. కడుపు భగ్గుమంటే డిస్పెన్సరీలో ఒక తెల్లబిళ్ల. గ్యాసుకి సెలవు లేదు. ఆ మాట పైవాళ్లొక్కరే అనలేదు, మేమూ నవ్వుకుంటూ అనుకున్నాం.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ అక్క కడుపులోకి గొట్టం వేసి చూసింది.

"పుండు పడిందమ్మా. క్రిమి చేసిన పని. మురికినీళ్లతో వచ్చి ఉంటుంది. ఏళ్ల తరబడి కడుపులోనే కాపురం పెడుతుంది. ఈ మందులు పద్నాలుగు రోజులు, ఒక్క పూట తప్పకూడదు."

అక్క ఆ మందుల సంచీ మధ్యాహ్నం అన్నాల దగ్గర విప్పింది.

"నాకొక్కదానికేనా మంట? తలా రెండు తీసుకోండి."

ఉల్లిపాయ ముక్కైనా పంచుకు తినేవాళ్లం. తీసుకున్నాం. మింగి, అక్క చల్లగా ఉండాలనుకున్నాం.

నెల తిరక్కుండా అక్క మళ్లీ నల్లగా కక్కింది. డాక్టరమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

"సగం మందుతో క్రిమి చావదు, రాటుదేలుతుంది! వేరే మందు ఇస్తాను. కానీ మళ్లీ ఆ నీళ్లే తాగితే? ఈసారి పుండు పగిలితే మనిషి దక్కదు."

మేం ప్రేమగా పంచుకున్న మందే అక్క ప్రాణం మీదికి తెచ్చింది.

వారానికే అక్క పనిలోకి వచ్చింది. రాకపోతే పేరు కొట్టేస్తారు. ఆ రోజు అన్నాలకి కూర్చున్నాం. ఎదురుగా మేం తాగే నీళ్లతొట్టి. దాన్ని ఆనుకునే పాయిఖానా గుంత. మధ్య గోడ బీటలు వారింది.

"మంచినీళ్లు కావాలని అడిగితే పని పోతుంది," అన్నాడు కటింగ్ మాస్టరు. "పిల్లలు గలవాణ్ని."

"నువ్వు పోతే పిల్లల్ని మేనేజరు సాకుతాడా?" అన్నాడు ఇస్త్రీ తాత.

"మందు పంచుకోవడం చేతనైంది మనకి," అక్క గోడకి చేరగిలబడి అంది. "నోరు విప్పడమే చేతకాలేదు. ఒక్కదాన్ని అడిగితే మేనేజరు గ్యాసంటాడు. అందరం అడుగుదాం."

మిషన్లు ఆగాయి. నూట పాతిక మందిమి, తలా ఒక సీసా తొట్టినీళ్లు పట్టుకుని మేనేజరు గదికి వెళ్లాం. బల్ల నిండితే నేల మీద పెట్టాం.

"తాగండి సార్," అన్నాను. "మంచినీళ్లంటారుగా."

మేనేజరు తను బయటినుంచి తెచ్చుకున్న నీళ్ల సీసాని దగ్గరికి లాక్కున్నాడు.

"గ్యాసుకి ఇంత గొడవా?"

"గ్యాసు కాదు!" షెడ్డు దద్దరిల్లింది.

మేనేజరు పోలీసులకి ఫోను చేసి, సీసా చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి నడిచాడు. మేమూ సీసాలతో వెనకే నడిచాం.

"తాళం తియ్యరా!"

వాచ్‌మన్ పదకొండేళ్లుగా ఆ తొట్టినీళ్లే తాగుతున్నాడు. ఒక చేత్తో పొట్ట పట్టుకున్నాడు, రెండో చేతిలో తాళంచెవి. ఈసారి తల ఎత్తాడు.

"షిఫ్టయ్యేదాకా తీయకూడదని ఆర్డరండీ."

షిఫ్టవడానికి ఇంకా నాలుగు గంటలుంది. బయట పోలీసు జీపు వచ్చి ఆగిన చప్పుడైంది. వాచ్‌మన్ తాళం తీయలేదు, మేమూ కదల్లేదు. తాగగా తాగగా మేనేజరు సీసాలో రెండు గుక్కలే మిగిలాయి. గుండీలక్క తన సీసా మూత తీసి అతని ముందు పెట్టింది.