దానానికి పోయిన రిఫరీ చొక్కా

ఆదివారం ఉదయం 8:40కి ఆమె అలమర తెరిచింది. రిఫరీ చొక్కా లేదు. నిక్కరు, మేజోళ్లు, బూట్లు కూడా లేవు. ఈల హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండబట్టి మిగిలింది.

ఆమె వారానికి ఆరు రోజులు ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. తొమ్మిదేళ్లుగా సెలవు రోజుల్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్తోంది. ఆ రోజు 10:30కి పెద్ద మ్యాచ్‌లకు అర్హతనిచ్చే మొదటి గ్రేడు పరీక్ష. ముగ్గురు పరిశీలకుల ముందు మ్యాచ్ మొత్తం నడపాలి. పరీక్ష ఏడాదికి ఒక్కసారే. నలభై రెండు నిండితే రానివ్వరు. ఆమెకు నిండడానికి మూడు నెలలుంది.

వంటింట్లో ఆడపడుచు టీ తాగుతోంది. భర్తకు అక్క, వాళ్లతోనే ఉంటుంది. ప్రార్థన మందిరం తరఫున పాతబట్టలు పోగుచేసి పంచే పని ఆవిడదే.

"వదినా, నా బట్టలేవి?"

"ఆ నల్లవా? మూటలో వేశా. లేనివాళ్లెవరైనా వేసుకుంటారు."

"ఇవాళ నాకు పరీక్ష."

"ఇవాళ దేవుడి రోజు. ఈ వయసులో నిక్కరేసుకుని ఇరవై రెండుమంది మగాళ్ల వెంట ఆ పరుగులేంటమ్మా? మా తమ్ముడు నలుగురిలో తిరగొద్దా?"

"ఆ ఇరవై రెండుమందీ నా మాట వింటారు వదినా. విననిది మీరిద్దరే."

భర్త బస్సు డ్రైవరు. గుమ్మం దగ్గర కూర్చుని, కట్టిన బూటు లేసే విప్పి మళ్లీ కడుతున్నాడు.

"మీకు తెలుసా?"

"అక్క నిన్న చెప్పింది. మూట బరువుగా ఉందంటే నేనే మోసుకెళ్లా. ఇప్పుడీ రాద్ధాంతం దేనికి? వచ్చే ఏడు రాసుకో."

"వచ్చే ఏటికి నాకెన్నేళ్లో చెప్పండి."

అతను రెండో బూటు లేసు విప్పాడు.

మందిరానికి నడిచి పదిహేను నిమిషాలు. పదిహేడేళ్లుగా ఆమె ఒక్క వారం మానలేదు. మ్యాచ్ ఉన్న రోజున ఆరింటి ప్రార్థనకు వెళ్లొస్తుంది. ఆ రోజూ వెళ్లొచ్చింది. ఇప్పుడు తొమ్మిదింటి ప్రార్థన నడుస్తోంది. మూటల గది తలుపు దగ్గర మందిరం పెద్ద నిలబడి ఉన్నాడు.

"పదకొండుకి అయిపోతుంది. అప్పుడు చూద్దామమ్మా."

"తలుపు తీయండి."

"దేవుడికిచ్చింది వెనక్కి అడగకూడదు."

"నేనివ్వలేదండీ. నా అలమరలోంచి నాకు చెప్పకుండా తీశారు. దాన్నేమంటారో మీరే చెప్పండి. పోయిన వారం దాని మీదే గంటసేపు మాట్లాడారు."

ఆయన తాళంచెవి తీశాడు.

వచ్చిన బట్టలన్నీ కలిపి మళ్లీ కట్టిన పద్నాలుగు మూటలు. ఆమె ఒక్కొక్కటీ విప్పి నేల మీద కుమ్మరించింది. మూడోదాంట్లో నిక్కరు, తొమ్మిదోదాంట్లో చొక్కా దొరికాయి. మేజోడు ఒకటే దొరికింది. బూట్లు అసలు లేవు.

"ఇవన్నీ ఎవరు మడతపెడతారమ్మా?" అన్నాడాయన.

"వారానికి ఆరు రోజులు ఊరందరి దుప్పట్లూ నేనే మడతపెడతా. ఇవాళ నాకు సెలవు."

10:26కి మైదానం చేరింది. ఒక కాలికి నల్ల మేజోడు, రెండో కాలికి బూడిదరంగుది. ఇంటికెళ్లి లాండ్రీలో తొడుక్కునే రబ్బరు బూట్లే వేసుకొచ్చింది.

"బూట్లు?" అన్నాడు పరిశీలకుల్లో పెద్దాయన.

"ఇవే."

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మ్యాచ్ సమయానికే మొదలైంది.

పన్నెండో నిమిషంలో ఫౌల్ ఇచ్చినందుకు ఒక డిఫెండరు ఆమె బూట్లు చూసి నవ్వాడు. "ఆంటీ, ఇంటికెళ్లి బట్టలుతుక్కో" అన్నాడు.

ఎర్ర కార్డు చూపించింది.

"ఏమన్నానని?"

"నువ్వన్నదే. బయటికి నడువు."

వాళ్ల కెప్టెన్ వచ్చి ఐదు నిమిషాలు వాదించాడు. ఆమె గడియారం చూసుకుంటూ నిలబడింది. ఆ ఐదు నిమిషాలూ మొదటి సగానికి కలిపింది.

మధ్యాహ్నం 1:30కి ఫలితం అతికించారు. బూట్లకు, మేజోళ్లకు మార్కులు తగ్గించారు. ఎర్ర కార్డు నిర్ణయానికి పూర్తి మార్కులు వేశారు. ఆమె పాసైంది.

గ్రేడు కార్డు కోసం అక్కడే ఒక ఫారం ఇచ్చారు. పాత దరఖాస్తులోని వివరాలు అందులో ముందే అచ్చయి ఉన్నాయి. 'అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి' అన్న చోట భర్త ఫోన్ నంబరు ఉంది. ఆమె దాన్ని కొట్టేసి సంతకం పెట్టి ఇచ్చింది. పక్కన వేరే నంబరు రాయలేదు.