రాళ్ళ డాక్టరమ్మ

సత్తమ్మకు ఎరికున్న డాక్టర్లు ఇద్దరే. ఒకరు నాచారం గల్లీల ఎర్రమందు సీసలిచ్చే బుచ్చిరాములు, ఇంకొకరు పెద్ద దవాఖానల కత్తి పట్టేటాయన. బుచ్చిరాములు మందుతోని ఆమె పెనిమిటి మొగిలయ్య కిడ్నీల రాయి ఇసుమంత కదల్లే. కత్తి పేరెత్తితే ఆ మనిషి గల్లీ దాటి ఉరుకుతడు. ఫ్యాక్టరీల బస్తాలు మోసే మనిషి నొప్పికి మెలికలు తిరుగుతుంటే సత్తమ్మ పానం విలవిలలాడుతది. ఆయనేమో, "అదే కరిగిపోతది, ఊకోయే" అంటడు. రాయి సంగతి దేవుడెరుగు, మనిషైతే కరిగిపోతుండు!

గప్పుడు ఉప్పల్‌ల ఇండ్లల్ల పనిజేసే సారమ్మ వచ్చి చెవిలేసింది.

"నేను పోయే వాడకట్టుల డాక్టర్ హైమావతి అని బోర్డున్నదక్కా. రాళ్ళ డాక్టరట! నిన్న కిటికీలకెల్లి సూసిన, అద్దాల బీరువ నిండ రాళ్ళే. ఎందరి కడుపులకెల్లి తీసిందో మహాతల్లి!"

ఇగ ఆగుతదా సత్తమ్మ? కత్తి లేదు గిత్తి లేదని బతిమాలి, ఐతారం పొద్దుగాల మొగిలయ్యను ఆ ఇంటికి గుంజుకపోయింది. గడపల నిలవడి బీరువ సూసిండో లేదో మొగిలయ్య మొఖం పాలిపోయింది.

"కోడిగుడ్డంత ఉన్నయి గదనే!"

సత్తమ్మ వచ్చిన పని చెప్పంగనే హైమావతికి విషయం అర్థమై నవ్వు తన్నుకొచ్చింది. సత్తమ్మ కండ్లు సూసి ఆ నవ్వు అక్కడే మింగింది.

"నేను ఆ డాక్టర్‌ని కాదమ్మా. ఇవి భూమిలో దొరికే రాళ్ళు. వీటి మీద పెద్ద చదువు చదివాను. అలా చదివినవాళ్ళనీ డాక్టరనే అంటారు."

"మందులియ్యనోళ్ళకు ఆ పేరెందుకు తల్లీ, మాసొంటోళ్ళను ఆగం జేసెటందుకా?" అన్నది సత్తమ్మ.

మొగిలయ్యకు పండుగే పండుగ. "పా, ఇంటికి పోదాం" అనుకుంట చెప్పుల కోసం వంగిండు. వంగినోడు వంగినట్టే నడుము పట్టుకొని మెట్టు మీద కూలవడ్డడు. సత్తమ్మ ఇగ ఆపుకోలేకపోయింది.

"ఈయన నాకు దక్కడు మేడం!"

హైమావతి ఇంటికి తాళమేసి ఆటో పిలిచింది.

దవాఖానల ఫోటో తీసి సూసిన డాక్టరు, ఆపరేషన్ తప్పదు, ఇయ్యాల్నే చేరాలన్నడు. అనుకున్నట్టే అయింది. మొగిలయ్య బల్ల మీదికెల్లి లేచి నిలవడ్డడు. సత్తమ్మ చేతులు పట్టుకున్నది, గదువ పట్టుకొని బతిమాలింది, తిట్టింది కూడా. వినలే. వినకపోగా హైమావతి దిక్కు తిరిగిండు.

"మీరు సెప్పున్రి మేడం. రాళ్ళ సంగతి మీకెరుకే గద. అది దానంతటది కరగదా?"

హైమావతి ఆయన దగ్గరికొచ్చి నిలవడ్డది.

"నీ కడుపులో రాయి సంగతి నాకు తెలియదు మొగిలయ్యా. అది ఆ డాక్టరుగారికే తెలుసు. నేను చదివిన రాళ్ళు కరగడానికి మాత్రం లక్షల ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు సత్తమ్మ ఇలా ఏడుస్తూ కూర్చోవాలా?"

మొగిలయ్య మెల్లగ సత్తమ్మ దిక్కు సూసిండు. పొద్దటిసంది ముద్ద ముట్టని మొఖం, ఎండుకపోయిన పెదాలు. ఇన్ని దినాలు తన నొప్పే నొప్పనుకున్నడు పిచ్చోడు.

"ఏడ్వకే. పోతున్న గద" అన్నడు. అంగీ ఇప్పి ఆమె చేతిల పెట్టి, నర్సమ్మ ఎనుక నడిసిండు.