నేను విప్పి కుట్టిన కాలర్లు

నా చదువు మూడో తరగతితో సరి. మానేసిన రోజు మాత్రం నిన్న మొన్నటిలా గుర్తుంది. పలక మీద కూడిక తప్పేశాను. పంతులమ్మ ఆ పలకను అందరికీ కనబడేట్టు పైకెత్తి పట్టుకుంది. గదంతా గొల్లుమంది. ఆ రోజు నా జడకున్న రిబ్బను నీలం రంగుది, కిటికీ రెక్క ఒకటి ఊడి ఉంది. అన్నీ చెప్పగలను. ఆ కూడికలో తప్పెక్కడుందో మాత్రం ఇప్పటికీ తెలియదు.

అందుకే, మా ముందుగదిలో రెండు మిషన్లు వేసి ఆడపిల్లలకు కుట్టు నేర్పడం మొదలుపెట్టినప్పుడు ఒక్క మాట మీద నిలబడ్డాను. నేర్చుకునేవాళ్ళకు వాళ్ళ తప్పు చూపించకూడదు. మెచ్చుకుంటూ పోతే చెయ్యి దానంతటదే తిరుగుతుంది. మా ఆయన ఎగతాళి చేసేవాడు.

"నీ బడిలో ఫెయిలయ్యేవాళ్ళే ఉండరేమిటే!"

ఎందుకుంటారు? సాయంత్రం పిల్లలు వెళ్ళగానే వంకరపోయినవన్నీ నేనే విప్పి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి తగిలించేదాన్ని. మర్నాడు "భలే కుట్టావే తల్లీ" అంటే వాళ్ళ మొహాలు వెలిగిపోయేవి. బట్టలిచ్చినవాళ్ళు "మీ చేతి కింద రాయైనా దర్జీ అయిపోతుందండీ" అంటుంటే నా మొహమూ తక్కువేం వెలగలేదు.

వాళ్ళలో ఒకతె మూడిళ్ళ అవతలి కోడలు. సన్నగా ఉండేది, కాళ్ళు మిషను పెడలుకు ఆనీ ఆననట్టుండేవి, నోటికి మాత్రం విరామం లేదు. పిచ్చుక అని పిలిచేవాళ్ళం. మొగుడు నడుం దెబ్బతిని మంచం మీదున్నాడు. ఎలాగైనా పనిలో చేరాలని దాని ఆరాటం. చేతులు, జేబులు, కాజాలు అన్నీ బాగానే వచ్చాయి. కాలర్ దగ్గరే తంటా. ఒక కొన పొట్టి, ఒక కొన పొడుగు. ఎనిమిది నెలలు ఆ కాలర్లన్నీ నేనే విప్పి కుట్టాను.

ఒక గురువారం గాలిలా వచ్చి నన్ను వాటేసుకుంది.

"పిన్నీ! యూనిఫాంల షాపులో పనిచ్చారు! మా ఆయనకు కుట్టిన తెల్లచొక్కా పట్టుకెళ్ళి చూపించా. కాలర్ చూసి కటింగ్ మాస్టరు నోరు తెరిచాడంటే నమ్ము. సోమవారం నుంచి రమ్మన్నాడు!"

ఆ కాలర్ నాది. చెప్పడానికి నాలుగు రోజులు గడువుంది. చెప్పలేదు. అక్కడికెళ్ళాక అదే వస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం పిచ్చుక వచ్చింది. గదిలో మిగతా పిల్లలంతా ఉన్నారు. రెండు చొక్కాలు నా ముందు పడేసింది. ఒకటి ఆ తెల్లది, రెండోది షాపులో కుట్టింది.

"ఆ మాస్టరు నన్ను అబద్ధాలకోరు అన్నాడు పిన్నీ. ఎవరి చొక్కా ఎత్తుకొచ్చావన్నాడు. నాదేనని మా ఆయన మీద ఒట్టేశా." తెల్లచొక్కా కాలర్ ఎత్తి కుట్టు చివర వేలు పెట్టింది. "ఇక్కడ చూడు. కుట్టు ఊడకుండా వెనక్కి మూడుసార్లు కుట్టి ఉంది. నేను రెండుసార్లే కుడతా. మూడుసార్లు కుట్టేది నువ్వు."

మిషన్లు రెండూ ఆగిపోయాయి.

"ఎన్ని కుట్టావు?"

"అన్నీ" అన్నాను.

"ఒక్కసారి చూపించకపోయావా?"

"నీ మనసు కష్టపడుతుందని..."

"నా మనసు మీద అంత బెంగ పెట్టుకున్నావు. నా చెయ్యి మీద ఎవరు పెట్టుకోవాలి పిన్నీ?"

తల కొట్టేసినట్టయింది. ఆనాడు గదంతా నవ్వింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

చెప్పులేసుకుని దానితో షాపుకు వెళ్ళాను. ఇద్దరు ముగ్గురు పనివాళ్ళ ముందే కటింగ్ మాస్టరుతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మెడలో టేపు సర్దుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

"అయితే పాఠం చెప్పిందీ మీరే, పరీక్ష రాసిందీ మీరే అన్నమాట! మరి పనిలో కూడా మీరే చేరిపోండి అత్తయ్యగారూ."

పనివాళ్ళు కిసుక్కుమన్నారు. నేల చీలితే దిగిపోదామనిపించింది. ఆయన పిచ్చుక వైపు తిరిగాడు.

"నువ్వు అబద్ధమాడలేదమ్మా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నాకు కాలర్ కావాలి. ఎనిమిది రోజుల్లో కుట్టుకురా, చూస్తాను."

మర్నాడు పొద్దున్నే అది మిషను ముందు కూర్చుని, "ఇప్పుడు చెప్పు, తప్పెక్కడ?" అంది.

ఏం చెప్పను? కొన పొడుగని తెలుసు. ఎందుకు పొడుగవుతోందో ఏనాడూ చూడలేదు. అది కుడుతుంటే నేను వంటింట్లో ఉండేదాన్ని. అది వెళ్ళాక కత్తెర పట్టుకునేదాన్ని.

"నువ్వు కుట్టవే, చూస్తాను" అని టీ గ్లాసుతో పక్కన కూర్చున్నాను. మొదటి కొన బాగానే తిరిగింది. రెండో కొన దగ్గరికి వచ్చేసరికి ఎడమచెయ్యి కింది గుడ్డను కాస్త లాగింది. అంతే. సూది ఒక్క వెంట్రుక వాసి పక్కకు జరిగింది.

"ఆగు. ఆ చెయ్యి లాగుతోంది, వదులు."

చెయ్యి వదిలి మళ్ళీ కుట్టింది. కొన సరిగ్గా రాలేదు గాని, మునుపంత పొడుగూ లేదు. నా గ్లాసులో టీ ఇంకా వేడిగానే ఉంది.

"ఇంతేనా?" అంది. ఆ మాటకు తలెత్తలేకపోయాను.

వారమంతా తన ఇంట్లోనే, ఎవరిదో మిషను అడిగి తెచ్చుకుని కుట్టుకుంది. ఎనిమిదో రోజు చొక్కా పట్టుకుని మా గుమ్మం ముందు నుంచే షాపుకు వెళ్ళింది. పని దొరికిందని సాయంత్రం దాని అత్త చెబితే తెలిసింది. వెళ్ళేటప్పుడు ఆ చొక్కా నాకు చూపించలేదు. చూపించమని అడిగే మొహం నాకూ లేదు.