జీఫా చెప్పిన సలహా

జీఫా, మావుయేనా ఇద్దరిదీ ఘానాలోని హో పట్టణం. క్లీవ్‌లాండ్‌లో డిగ్రీ ముగించి, ఒకే గదిలో ఉంటూ ఒకే ల్యాబులో పనిచేస్తున్నారు. ఇద్దరికీ డాక్టరు కావాలనే ఆశ. పరాయి దేశం వాళ్ళ దరఖాస్తు తీసుకునే మెడికల్ కాలేజీలే తక్కువ. కలిసి వెతికి పద్నాలుగు పట్టుకుని, అన్నిటికీ ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. ప్రవేశ పరీక్షలో జీఫాకు పదకొండు మార్కులు ఎక్కువొచ్చాయి. ఆనాడు మావుయేనాను ఓదార్చింది కూడా తనే.

ఫిబ్రవరికల్లా పద్నాలుగు కాలేజీలూ జీఫాను కాదన్నాయి. మావుయేనాను ఒక కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచింది.

"ఒసేయ్, చదవవే! నా పేరేనా ఇది? నాకు కళ్ళు ఆనడం లేదు!"

జీఫా చదివి, స్నేహితురాలిని కౌగిలించుకుని, ఆమె భుజం మీదుగా గోడను చూస్తూ పళ్ళు బిగించింది.

ఆ రోజు నుంచి మావుయేనా ఏం చేసినా జీఫాకు ఒళ్ళు మంటే. రాత్రి భోజనానికి బంకు అనే తమ ఊరి పిండిముద్ద కలుపుతూ కూనిరాగం తీస్తే మంట. ఇంటర్వ్యూకి కొత్త కోటు కొనుక్కుంటే మంట.

"నువ్వు ప్రశ్నలడుగు, నేను జవాబులు చెప్తా. నీకున్న బుర్ర నాకెక్కడిది?" అంది మావుయేనా. ఆ మెప్పు కూడా పుండు మీద కారమైంది.

రెండో ఏడు కెమిస్ట్రీ ఎందుకు తప్పావని జీఫా అడిగింది.

"అమ్మ చావుబతుకుల్లో ఉందని ఇంటికెళ్ళాను. ఆస్పత్రిలో నలభై రోజులు ఆమె మంచం పక్కనే ఉన్నాను. డాక్టరంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే."

ఈ జవాబుకు సీటు వచ్చి తీరుతుందని జీఫాకు అర్థమైంది.

"అది చెప్పకు. జాలి కోసం ఏడుస్తోందనుకుంటారు. ఒంట్లో బాగోలేదని దాటెయ్."

"నిజంగానా?"

"నమ్మకం లేకపోతే నన్నడగడం దేనికే?"

ఇంటర్వ్యూ మధ్యాహ్నం ఒంటిగంటకు. ఆ పూట ల్యాబులో జీఫా రెండుసార్లు ఫోను తీసింది, రెండుసార్లూ జేబులో పెట్టేసింది. ఒంటిగంట దాటిపోయింది.

సాయంత్రం మావుయేనా వచ్చి మంచం మీద కూలబడింది. "మొదట అదే అడిగారు. నువ్వు చెప్పినట్టే ఒంట్లో బాగోలేదన్నాను. ఏం జబ్బన్నారు. నోరు పెగల్లేదు. ఇక అమ్మ సంగతి చెప్పేశాను. నా మంచికే చెప్పావు, వినలేదని కోప్పడకే."

"నీ మంచికి కాదు," అంది జీఫా. "నీకు రాకూడదని చెప్పాను."

మావుయేనా లేచి కొత్త కోటు విప్పి పక్కన పడేసింది. "అబద్ధంతో మొదలుపెట్టినదాన్ని ఎవరు చేర్చుకుంటారే?" అంది.

కాలేజీ ఆమెను వెయిటింగ్ జాబితాలో పెట్టింది. నాలుగు నెలలు ఆ గదిలో ఉప్పందుకో, తలుపెయ్యి అన్నంతవరకే మాటలు. జీఫా క్షమించమంది. మావుయేనా విని ఊరుకుంది. జూలైలో ఎవరో సీటు వదులుకోవడంతో అది మావుయేనాకు వచ్చింది.

వెళ్ళేరోజు పెట్టెకు తాళం వేస్తూ అడిగింది. "ఇప్పటికీ కుళ్ళుతున్నావా?"

లేదనాలని జీఫాకు ఎంతో ఉంది. "అవును," అంది.

మావుయేనా ఆమె ముఖంలోకి చూసింది. "సరే, ఆ చివర పట్టుకో. బరువుగా ఉంది."

ఇద్దరూ పెట్టె మోసుకుంటూ మెట్లు దిగారు.